మనవరాలి హాజరు

మా మనవరాలు పళ్ళ డాక్టరు. లైసెన్సు నిలబడాలంటే ఏటా కొత్త పాఠాలు వినాలట. దానికంత ఓపికేదీ! కంప్యూటరు ముందు నన్ను కూర్చోబెట్టింది. తెర మీద "ఉన్నారా?" అని వచ్చినప్పుడల్లా నేను నొక్కాలి.

"వినక్కర్లేదు అమ్మమ్మా, నొక్కితే చాలు," అంది, సోఫాలో పడుకుని ఫోనులో క్లినిక్కు కర్టెన్లు ఎంచుకుంటూ.

"ఇంత చదువు చదివి దొంగ హాజరా? సిగ్గు లేదూ?"

"అందరూ చేసేదేలే. నస పెట్టకు."

ఛీ, ఇలాంటిదాని చేతికా జనం తమ నోళ్ళు అప్పగించేది అనిపించింది. ఆ కసితోనే పాఠమంతా విన్నాను. నోటిలో పుండ్ల గురించి చెప్పారు. మందు రాసినా మానని పుండును ఏ డాక్టరూ తేలిగ్గా తీసుకోకూడదట, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలట. వాటి బొమ్మలు చూపిస్తే కళ్ళజోడు సరిచేసుకుని మరీ చూశాను.

పాఠం అయిపోయింది. సర్టిఫికెట్టు దాని పేరు మీద వచ్చింది.

"అమ్మయ్య, గండం గడిచింది! ఇంతకీ ఏం చెప్పారేంటి?" అంది నవ్వుతూ.

"టార్చి పట్టుకురా," అన్నాను. "నెల కిందట నా నాలుక కింద చూసి, కట్టుడు పళ్ళు ఒరుసుకున్నాయి, పూతమందు చాలన్నావే, అది ఇంకా మానలేదు."