కోడిని కడిగిందెవరు?

తాళానికి గుడ్డ చుట్టేశారు. లక్క కరుగుతోంది. ఇంకో నిమిషంలో పైడిరాజు చికెన్ కొట్టుకి సీలు పడుతుంది.

“బాబూ, ఒక్క మాట ఇనండి,” అన్నాడు పైడిరాజు నాలుగోసారి.

“ఇరవై ఆరుగురు సెలైన్ మీదున్నారు. వాళ్లకి చెప్పుకో,” అన్నాడు ఫుడ్ ఇన్‌స్పెక్టర్ వేణుగోపాల్.

పోయిన వారమే కోర్బా నుంచి బిలాస్‌పూర్‌కి బదిలీ మీద వచ్చాడాయన. ఒళ్లంతా చెమటలు. వెనకవైపు తనిఖీ చెయ్యాలంటూ పొద్దుట్నుంచి మూడుసార్లు వెళ్లొచ్చాడు. వెనక ఉన్నది పాయిఖానా ఒక్కటే.

ఆదివారం రైల్వే కాలనీ తెలుగువాళ్లు సర్కండాలో ఒక హాలు తీసుకుని భోజనాలు పెట్టుకున్నారు. కోడి పైడిరాజుదే. సోమవారం నుంచి ఒక్కొక్కరే ఆసుపత్రిలో చేరారు. మంగళవారం నుంచి ఆ కొట్టు గుమ్మం తొక్కినవాడు లేడు. ఇప్పుడు సీలు కూడా పడితే ఇరవై ఏళ్ల పేరు అరపా నదిలో కలిసినట్టే.

ఎదురుగా చేపలమ్మే అచ్చియమ్మ కత్తిపీట ఆపి చూస్తోంది.

“పైడీ, తాళమేసేముందు లోపలి కోళ్లని ఒగ్గీరా. అవేటి పాపం చేసినాయి?”

అంతలో వేణుగోపాల్ అసిస్టెంటు దిలీప్ మోటార్ సైకిల్ దిగాడు. వెనక సీటు మీంచి ఒక పెద్దావిడ దిగింది.

“సార్, రుకియే! ల్యాబ్ రిపోర్టు వచ్చింది. కూర క్లీన్. కోడి బాక్టీరియా ఉన్నది కీరా ముక్కల్లో.”

“కోడి బాక్టీరియా కీరాలోకి ఎలాగొచ్చింది బాబూ?” అన్నాడు పైడిరాజు.

“పచ్చి కోడిలో ఉంటుంది, ఉడికితే చస్తుంది. కానీ ఎవరో కోడిని కుళాయి కింద పెట్టి కడిగారు. ఆ నీళ్లు చింది పక్కనున్న కీరా మీద పడ్డాయి.”

“కడిగింది వీడే,” అన్నాడు వేణుగోపాల్, లక్క అందుకుంటూ.

“నాను సంచి గుమ్మంలో ఇచ్చీసి వచ్చీసినాను బాబూ!”

“అందుకే సాక్షిని తెచ్చాను,” అన్నాడు దిలీప్.

ఆ రోజు వంటింట్లో ఉండి కూడా మంచాన పడనిది ఈ మంగాయమ్మ ఒక్కతే. ఆవిడకి ఆదివారాలు ఉపవాసం. మొగుడి ఉద్యోగం పై ఊళ్లలో; ఆవిడ మాత్రం ఏళ్ల తరబడి కాలనీలోనే.

“ఆంటీ, చికెన్ కడిగిందెవరు?”

మంగాయమ్మ తల దించుకుంది.

“ఆయనే.”

“ఎలా కడిగారు?”

“ఉప్పూ పసుపూ ఏసి, కుళాయి బార్లా తిప్పీసి, మూడు సార్లు. పక్కన కీరా ఉందన్నాను. ఇన్లేదు.”

“చాలు. పైడిరాజు అని రాసుకో,” అన్నాడు వేణుగోపాల్. మొదటి లక్క బొట్టు గుడ్డ మీద పడింది.

పైడిరాజుకి ‘ఆయనే’ అన్న మాట ఎక్కడో గుచ్చుకుంది.

“మంగాయమ్మత్తా, ఇరవై ఏళ్ల నుంచి నన్ను ‘ఒరే పైడీ’ అంటన్నావు. ఇయాల ‘ఆయన’ ఎప్పుడయిపోయినాను?”

అచ్చియమ్మ ఫక్కున నవ్వింది. దిలీప్ పెన్ను ఆగింది.

“ఆంటీ, ఆయన అంటే కుదరదు. కాగితం మీద పేరుండాలి. నామ్ బతాయియే.”

మంగాయమ్మ అడ్డంగా తలూపింది.

“ఎందుకయ్యా ఆవిణ్ని వేధిస్తావు? పేరు నేను చెప్పాను కదా,” అన్నాడు వేణుగోపాల్. ముద్ర లక్క మీదికి దించబోయాడు.

“అత్తా,” అన్నాడు పైడిరాజు మెల్లగా. “నా కొట్టు పోతాది.”

మంగాయమ్మ కొంగు తల మీదికి లాక్కుని, ముప్ఫై ఏళ్ల కాపురంలో మొట్టమొదటిసారి మొగుడి పేరు పైకి పలికింది: “వేణుగోపాల్ గారు.”