కలవని బ్రాంచి

"కాకినాడ బోట్లకి తుఫాను కబురెళ్లింది. మనోళ్లకి వెళ్లలేదమ్మా," అంది రూతు, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా.

దరియాలతిప్పలో అప్పటికే గాలి మొదలైంది. నాన్న బోటు తెల్లవారకముందే సముద్రం మీదికి పోయింది. అంత దూరంలో ఫోన్లు పనిచేయవు. హెచ్చరిక అందాలంటే బోటుకు బిగించిన పెట్టె మోగాల్సిందే. ఆ పెట్టెలకు హెచ్చరికలు పంపే ప్రోగ్రాము రూతు పనిచేసే కంపెనీదే.

"మనోళ్లేం పాపం చేసేరే?"

"మనూరు పుదుచ్చేరి కిందకొస్తది కదా, మన బోట్లయ్యి పుదుచ్చేరి నంబర్లు. ప్రోగ్రాము వాటిని వదిలేస్తోంది."

ఈ తప్పును కంపెనీలో ఒకతను ఉద్యోగం మానేసే ముందు దిద్దినట్టు ఆమె విని ఉంది. ప్రోగ్రాములో ఇప్పుడు నడుస్తున్న ప్రతిని, అంటే మెయిన్ బ్రాంచినీ, అతను విడిగా దిద్దుకున్న ప్రతిని, అంటే అతని బ్రాంచినీ పక్కపక్కన పెట్టి పోల్చింది. పుదుచ్చేరి నంబర్లను చేర్చిన మార్పు అతని బ్రాంచిలోనే ఉండిపోయింది. ఏడాదిగా ఎవరూ దాన్ని మెయిన్‌లో కలపలేదు.

మేనేజరుకు ఫోన్ చేసి, బతిమాలి, ఒప్పించి కలిపింది. హెచ్చరిక మళ్లీ పంపింది.

"వెళ్లిందమ్మా. ఇంక వెనక్కి తిరుగుతారు."

పెరట్లో ఏదో గట్టిగా మోగింది. అమ్మ వెళ్లి కోళ్లగూడు మీంచి ఒక పెట్టె తెచ్చింది. దాని మీద ఎర్రదీపం ఆరి ఆరి వెలుగుతోంది.

"ఏడాదై ఒక్కసారీ మోగలేదు, వలకి అడ్డమొస్తందని మీ నాన్న మొన్ననే విప్పుకొచ్చేసేడే," అంది.

పక్కింటి పెరట్లో ఇంకొకటి మోగింది. తర్వాత ఆ అవతలింట్లో. అలా వీధి చివరిదాకా.