ఖాళీ గోల్

జమ్మలమడుగు మీద ఫైనల్‌కు మా పులివెందుల కోచ్ ఫార్మేషన్ మార్చాడు. వెనక నలుగురు, మధ్యలో ఐదుగురం, ముందు ప్రణీత్ ఒక్కడే. జెర్సీలు కొనిచ్చింది వాళ్ళ నాయన మరి! మేమంతా వాడికి బంతి మోసే కూలీలం.

నేను ఎన్ని పాసులిచ్చినా వాడు బయటికే తన్నాడు. చివరిసారైతే ఎదురుగా గోల్ ఖాళీగా ఉంది.

ఒక్క గోల్ తేడాతో ఓడిపోయాం. వాడి ముందే ఉమ్మేశాను.

"థూ! నీ ఆట చూస్తాంటే అసయ్యమైతాంది."

ప్రణీత్ జెర్సీ విప్పి నేలకేసి కొట్టాడు.

"గోల్ ఏంటికి ఖాళీగా ఉండాదో చూసినావా జిలానీ? నేను తన్నబోయినప్పుడల్లా ఆ కీపర్ పక్కకు జరుగుతాండాడు. మా నాయన వాన్తో ముందే మాట్లాడి పెట్టినాడు."

వాడూ ఉమ్మేశాడు.

"అసయ్యం నీకొక్కనికేనా?"