గూడు పని

వడ్రంగి చెక్కను వదిలేసి కుక్కను కొలుస్తున్నాడు.

పెరటి గుమ్మంలో నిలబడి కళ్లద్దాల షాపాయన అది చూశాడు.

“దాన్నెందుకు కొలుస్తున్నావు పెద్దాయనా?”

“ఒళ్లు ముడుచుకుని పడుకోవడానికి ఎంత చోటు కావాలో చూస్తున్నాను బాబూ.”

కొత్తవాళ్లు ఎవరొచ్చినా ఇల్లు ఎగిరిపోయేలా మొరిగే కుక్క, వెన్ను మీద టేపు పెట్టినా కదల్లేదు.

“మీకు భలే మాలిమి అయిందే,” అంది షాపాయన భార్య, మంచినీళ్లు తెచ్చి ఇస్తూ.

“చెక్క వాసన తల్లీ. కొన్నిటికి ఇష్టం.”

ఏడాది కిందట పశువుల డాక్టరు దగ్గర నుంచి తెచ్చుకున్నారు దాన్ని. ఇన్నాళ్లూ ముందుగదిలో సోఫా పక్కన పడుకునేది. ఇప్పుడు ఇంట్లో మూడు నెలల పాప ఉంది.

కుక్క లోపలే ఉండాలంది భార్య. బయటే ఉండాలంది ఆయన తల్లి.

“పసిదాని నోట్లోకి బొచ్చు పోతే ఎవరిదిరా పూచీ?” అని తల్లి అడిగింది. ఆయన కలప డిపోలో చెప్పి గూడు చెయ్యడానికి మనిషిని పంపమన్నాడు.

అలా వచ్చిన ఈ వడ్రంగి మూతికి తువ్వాలు కట్టుకుని పని చేసేవాడు. అయినా దగ్గు ఆగేది కాదు.

రెండు రోజుల పని. నాలుగు రోజులైనా నాలుగు గుంజలే లేచాయి.

“చెక్క పచ్చిగా ఉంది బాబూ. ఆరాలి.”

మర్నాడు మేకులు సరైనవి కావన్నాడు. ఆ మర్నాడు పని ఆపి అడిగాడు.

“దీనికి ఉరుములంటే భయం. వాన రోజుల్లో లోపలికి రానిస్తారా?”

“భయమని నీకెవరు చెప్పారు?”

వడ్రంగి తువ్వాలు సర్దుకున్నాడు.

“చాలా కుక్కలకు ఉంటుంది కదా బాబూ.”

“నువ్వు గూడు చెయ్యడానికొచ్చావా, దాని తరఫున వకాల్తా పుచ్చుకుని వచ్చావా?”

“అది కాదు బాబూ...”

“రేపట్నుంచి రాకు.”

“ఏమండీ, పెద్దాయన,” అంది భార్య మెల్లగా. ఆయన వినిపించుకోలేదు.

వడ్రంగి సామాను సంచిలో వేసుకున్నాడు. లేచినవాడల్లా మళ్లీ కూర్చుని, అప్పటిదాకా కొట్టిన చెక్కల్లోంచి లోపలికి పొడుచుకొచ్చిన మేకుల్ని ఒక్కొక్కటే సుత్తితో వంచాడు.

“ఒంటికి గీరుకుంటాయి,” అన్నాడు ఎవరితోనో చెబుతున్నట్టు.

కుక్క గేటు దాకా వెంట వెళ్లింది. షాపాయన మెడపట్టీ పట్టుకుని ఆపాల్సొచ్చింది. వడ్రంగి వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు వేరే మనిషి వచ్చి మధ్యాహ్నానికల్లా గూడు పూర్తి చేసి పోయాడు.

కుక్క అందులోకి వెళ్లలేదు. గొలుసు సాగినంత మేరా వచ్చి, పెరటి తలుపును గోళ్లతో గీరేది.

“రెండ్రోజులు పోతే అదే అలవాటు పడుతుంది,” అంది తల్లి.

ఆ చప్పుడు వినలేక భార్య పాపను ఎత్తుకుని ముందుగదిలోకి వెళ్లిపోయేది.

పదిహేను రోజులకు గీరడం మానేసింది. అలవాటు పడిందనుకున్నారు.

ఒక మధ్యాహ్నం ఆకాశం బద్దలైనట్టు ఉరిమింది. భార్య పరుగున వెళ్లి తలుపు తీసేసరికి, గొలుసు చివర తెగిన మెడపట్టీ మాత్రం ఉంది.

వీధులన్నీ తిరిగారు. కనబడిన వాళ్లందర్నీ అడిగారు. జాడ లేదు.

అప్పుడు మొదలైంది ఇంట్లో ఆ చప్పుడు.

భోజనం దగ్గర కూర్చుంటే తలుపు గీరినట్టు. పాపకు నీళ్లు పోస్తుంటే తలుపు గీరినట్టు. వెళ్లి తీస్తే ఖాళీ పెరడు, వానకు నానిన గూడు.

“మీకూ వినబడిందా?” అంది భార్య.

ఆయన లేచి మళ్లీ తలుపు తీశాడు.

పీట మీద కూర్చున్న తల్లి తలెత్తకుండా అంది. “గడియ వెయ్యకురా. తీసే ఉంచు.”

పదో రోజు ఆయనకు అనుమానం తగిలింది. ఆ ముసలాడే ఎత్తుకుపోయి ఉంటాడు. పని మాన్పించిన కసి. డిపోలో అడ్రసు కనుక్కుని, వెతుక్కుంటూ వెళ్లాడు.

ఊరి చివర రేకుల షెడ్డు, వెనక చిన్న ఇల్లు. వడ్రంగి కూతురు తలుపు తీసింది.

“మీ నాన్నను పిలువమ్మా. మా కుక్క సంగతి తేల్చుకోవాలి.”

“నాన్న లేరండీ. పోయి పన్నెండు రోజులైంది.”

కుక్క తప్పిపోయి పది రోజులు.

ఆమె పక్కకు తొలిగింది. లోపలి గదిలో, పరుపు తీసేసిన మంచం కింద కుక్క పడుకుని ఉంది. తలెత్తి ఆయన్ను చూసింది. మళ్లీ తల నేల మీద పెట్టుకుంది.

“ఇక్కడికెలా వచ్చింది?”

“వానలో తడుస్తూ వచ్చిందండీ. ఏడేళ్లు ఈ మంచం కిందే పడుకుంది, దారి తెలీదా?”



“తన కుక్కేనని ఒక్క మాట చెప్పలేదే. పైగా గూడు చెయ్యడానికి ఒప్పుకున్నాడు.”

“డిపోలో మీ అడ్రసు విని, తనే అడిగి వచ్చాడండీ. ఇంకెవరైనా వస్తే గూడు రెండ్రోజుల్లో అయిపోతుందని.”

“అంత ప్రాణమైనదాన్ని పశువుల డాక్టరుకెందుకు ఇచ్చేశాడమ్మా?”

ఆమె వెళ్లి కుక్క దగ్గర కూర్చుంది.

“నాన్న ఊపిరితిత్తులు పాడయ్యాయి, కుక్క బొచ్చు పడదు, బతకాలంటే దాన్ని బయట కట్టెయ్యమని ఆసుపత్రిలో చెప్పారండీ, బయట కట్టడానికి చేతులు రాక, మీరు ఎప్పటికీ లోపలే ఉంచుకుంటామన్నారని డాక్టరు చేత మీకిప్పించాడు.”