తొలి ఖాతాదారు

"ఒక్క ఖాతా అయినా తెరుచుకుందా, లేక బోర్డు దింపేస్తారా?"

ఫోన్లో కంపెనీ మేనేజరు గొంతు సముద్రాలు దాటి వచ్చినా, అందులోని వెటకారం మాత్రం చెక్కుచెదరలేదు.

"తెరుచుకుంది సార్," అన్నాడు కొత్త శాఖ యజమాని, ఎవరో చూస్తున్నట్టు కుర్చీలో సర్దుకుని కూర్చుంటూ.

"శుభం! ఎవరాయన?"

"ఇంచుమించు నా వయసే సార్. ఈ దేశానికి కొత్త. ప్రతి ఆదివారం మన సేవ కావాలన్నాడు."

"వదలకండి. కళ్ళల్లో పెట్టుకుని చూసుకోండి. ఈ నెలాఖరుకు ఒక్క ఖాతా కూడా లేకపోతే ఫ్రాంచైజీ రద్దు చేసేవాళ్ళం. గండం గడిచింది, పొండి!"

ఫోన్ పెట్టేశాక అతను చాలాసేపు గాజు తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు. బయట జనం వస్తున్నారు, పోతున్నారు. బోర్డు చదవనివాళ్ళు చదవకుండా పోతున్నారు. చదివినవాళ్ళు చదివి పోతున్నారు.

స్వదేశంలో ఈ కంపెనీ పేరు మోగిపోతోంది. పెళ్ళిళ్ల రోజుల్లో అయితే ఏ శాఖలోనూ ఫోన్లు ఎత్తడానికి చేతులు చాలవు. అది చూసే, ఉన్న ఉద్యోగానికి నీళ్ళొదిలి, విదేశంలో తొలి శాఖ తనకే కావాలని పట్టుబట్టి తెచ్చుకున్నాడు. ఇక్కడే ఇంత గిరాకీ ఉంటే అక్కడ జనం ఎగబడరూ అనుకున్నాడు.

ఎగబడలేదు. తేడా ఎక్కడ కొట్టిందో మొదటి వారంలోనే తెలిసొచ్చింది. శాఖలో దొరికే రకాలన్నీ గోడ మీద రాయించాలి. అది కంపెనీ నియమం. స్వదేశంలో ఆ పట్టిక గోడంతా ఉంటుంది. ఇక్కడి అనువాదకురాలు దాన్ని పైనుంచి కిందిదాకా చదివి, రెండంటే రెండు మాటలు రాసి చేతులు దులుపుకుంది.

"మిగతావి?" అని అడిగాడు.

"అన్నీ రాశానుగా. మా భాషలో అన్నింటికీ ఇవే."

"అదెలాగండీ! దీనికీ దానికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంటే!"

ఆమె నవ్వి కలానికి మూత పెట్టేసింది. అంత పెద్ద గోడ మీద ఆ రెండు మాటలూ, వేళ తప్పి విందుకొచ్చిన ఇద్దరు అతిథుల్లా బిక్కుబిక్కుమంటూ మిగిలాయి.

శాఖలో ఉన్నది తనూ, ఒక ఉద్యోగీ. ఉద్యోగితో పని మాటలే తప్ప వేరే మాటలు ఆడకూడదు. అదీ కంపెనీ నియమమే. సాయంత్రం తాళం వేసి గదికి చేరితే పలకరించే దిక్కుండదు. లిఫ్టులో అద్దం ఉంది కాబట్టి ఒక మనిషి మొహమైనా కనిపించేది. వాడకపోతే గొంతు తుప్పు పడుతుందేమోనని భయమేసి, కొన్ని రోజులు కూరగాయలు తరుగుతూ తనతో తనే మాట్లాడుకున్నాడు. ఒంటరితనం అంటే ఇంత చప్పుడు లేకుండా ఉంటుందని అతనికి అంతకుముందు తెలియదు.

ఆదివారం మాత్రం వేరు.

ఆదివారం పొద్దున్నే లేచి గది ఊడ్చాడు. దుప్పట్లు మడత పెట్టాడు. గిన్నెలు మాత్రం తోమకుండా సింకులోనే వదిలేశాడు. చొక్కా గుండీ ఒకటి దారానికి వేలాడుతోంది. దాని జోలికీ పోలేదు. అన్నీ తనే చక్కబెట్టేస్తే ఆమె తిట్టడానికి ఏం మిగులుతుంది?

కాలింగ్ బెల్ మోగింది. అమ్మాయి లోపలికి వస్తూనే అందుకుంది.

"ఏమిటి బాబాయ్ ఆ వాలకం? ఆ గుండీ ఎప్పుడు కుట్టుకుంటావ్, వచ్చే జన్మలోనా?"

"కుడతానే అమ్మడూ. తీరిక దొరకలేదు."

"తీరిక లేక కాదు, ఒళ్ళు బద్ధకం. ఆ గిన్నెలు చూడు! అచ్చం మా నాన్నే."

"మీ నాన్నతో నాకు పోలికేంటే? వాడు తిన్న కంచం కూడా తీసేవాడు కాదు."

"చిన్నప్పుడు నిన్ను సైకిలు మీంచి పడేసి ఎడమ చెయ్యి విరగ్గొట్టాడటగా?"

"కుడి చెయ్యి! పోయిన వారమేగా చెప్పాను."

"అవునవును, కుడి చెయ్యి," అని ఆమె నాలిక్కరుచుకుంది.

"పడేసినవాడే వీపు మీద మోసుకుంటూ ఇంటికి తెచ్చాడు. దారంతా నాకంటే వాడే ఎక్కువ ఏడ్చాడు."

చెబుతూనే అతను కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె టీ కలిపి కప్పు చేతిలో పెట్టింది. సూదీ దారం వెతికి తెచ్చి, గుండీ కుట్టడానికి కూర్చుంది.

"కదిలితే గుచ్చుతాను. ఏడిస్తే ఇంకా గట్టిగా గుచ్చుతాను."

అతను ఏడుస్తూనే నవ్వేశాడు. ఆ వారం మొత్తానికి అదే మొదటి నవ్వు.

"అది కాదే, శాఖ సంగతి..."

"ష్! ఇంట్లో ఆ గొడవ ఎత్తావంటే లేచి వెళ్ళిపోతాను."

అతను మాట మార్చాడు. పెళ్ళెప్పుడు చేసుకుంటావని అతను అడిగితే, ముందు నువ్వు చేసుకుని దారి చూపించమని ఆమె అంది. గుండీ కుట్టడం అయిపోయింది గానీ కబుర్లు అవలేదు. గది నిండా మనుషులున్నట్టే ఉంది.

ఇంతలో ఆమె గడియారం చూసుకుని లేచింది.

"అప్పుడేనా? ఇంకాసేపు కూర్చోవే. బయట చలి కూడాను."

"కుదరదు బాబాయ్."

కోటు వేసుకుంది. బూట్లు తొడుక్కుంది. అతను వెంటే వెళ్ళి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఇంకేదైనా అడిగి ఒక నిమిషమైనా ఆపాలని చూశాడు.

గుమ్మం అవతలికి వెళ్ళాక ఆమె ఆగి, ఇటు తిరిగి, చేతులు కట్టుకుని నిలబడింది.

"వచ్చే ఆదివారం కూడా మన శాఖ తరఫున అన్నగారి కూతురిగానే రమ్మంటారా సార్, లేక ఈసారికి మేనకోడలి వరసకు మార్చమంటారా?"