ఆ మంచు తుడవొద్దు

"మంచు ఉండాల్సిందే," అన్నాడు క్లెమెంట్ రడ్జ్. "ఆ మంచు తుడిచేస్తే ఇక ఆ సీరియల్లో ఏముంది, నా మొహం!"

మాట గట్టిగానే వచ్చింది. టీ కప్పు సాసర్ మీద ఠక్కున పెట్టాడు.

వెన్‌కోట్ ఊరి హాల్లో ఆ శనివారం మధ్యాహ్నం ప్రేక్షకుల సంఘం కూడింది. నలభై ఏళ్ళ కిందట టీవీవాళ్ళు ఓ పాత డిటెక్టివ్ నవలని ఇదే ఊళ్ళో సీరియల్‌గా తీశారు. అప్పటినుంచీ దాన్ని చూడటం, చూసి పోట్లాడుకోవడం వీళ్ళ వ్యాపకం. కథ 1931లో జరుగుతుంది. అందులో ఆ తర్వాతి కాలం టీపాట్ ఒకటి కనిపించిందని, సంఘం రెండుగా చీలి నెలల తరబడి మాటలు మానేసింది.

సంఘం పెట్టింది క్లెమెంట్. మొదటినుంచీ అధ్యక్షుడూ అతనే. సీరియల్లో ఎవరికి ఏ తప్పు కనిపించినా ముందు అతనికి చెప్పాలి. అతను చూసి, తేల్చి, జవాబిస్తాడు.

ఇప్పుడొచ్చిన చిక్కు వేరు. టీవీవాళ్ళు పాత ఫిల్మును కడిగి, మసకా మంచూ తుడిచేసి తళతళలాడించారు. వచ్చే ఆదివారం దేశమంతా వేస్తారట. ఈ సంఘంతో తలనొప్పి ఎలాంటిదో ఎరిగినవాళ్ళు కనుక, కొత్త కాపీ పంపి, అది వెయ్యాలా పాతదే వెయ్యాలా అని ముందుగానే అభిప్రాయం అడిగారు. ఈ రోజు అందరూ దాన్ని చూశారు, ఇక చేతులెత్తి తేల్చాలి. ఆ కబురు విన్నప్పటినుంచీ క్లెమెంట్‌కి కంటిమీద కునుకు లేదు.

"మొహాలు ఎంత బాగున్నాయో చూశావా?" అంది మోరీన్ టోలీ, రొట్టెలకి జామ్ రాస్తూ. క్లెమెంట్ పక్కింటావిడ. జామ్ కూడా అతని పెరట్లో పెరిగిన రూబార్బ్ మొక్కల పుల్లటి కాడలతో చేసిందే. "ఆ డిటెక్టివ్‌ది విగ్గని ఇన్నాళ్ళకి తెలిసింది నాకు!"

"అదే నే చెప్పేది! తెలియాల్సిన అవసరం ఏమొచ్చింది?"

"పాతదంటే ఏమిటయ్యా నీకంత పిచ్చి? నీ చోట ఇంకొకడుంటే ఆ సీరియల్ పేరెత్తితేనే మండిపడేవాడు."

అందరూ ఇబ్బందిగా కదిలారు. ఊరంతా చెప్పుకునే సంగతే అది. క్లెమెంట్ భార్య ఐరిస్, ఎర్ర బూట్లు టకటకలాడించుకుంటూ తిరిగే మనిషి, షూటింగుకొచ్చిన లైట్ల కుర్రాడితో లేచిపోయిందని. పెళ్ళాం పోయాక సీరియల్ని కట్టుకున్నాడని వెనకాల వేళాకోళం కూడా.

అప్పుడు వెనక వరసలోంచి ఓ చెయ్యి లేచింది. బ్రాన్వెన్ ప్రాసర్. కళ్ళద్దాల దుకాణం మూసేసి ఈమధ్యే ఈ ఊరొచ్చింది. సంఘానికి కొత్త.

"అధ్యక్షులవారూ, రెండో భాగంలో డిటెక్టివ్ తెల్లవారుజామున చర్చి పక్కనుంచి నడిచొస్తాడే, అదొక్కసారి వేస్తారా? నాకో తప్పు దొరికింది."

క్లెమెంట్ రిమోట్ ఒళ్ళో దాచుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆ సన్నివేశం గురించి అడిగినవాళ్ళు లేరు.

"టీ చల్లారిపోతోందమ్మా. తర్వాత చూద్దాం," అన్నాడు. "రిమోట్లో బ్యాటరీలు కూడా అయిపోయినట్టున్నాయి."

"ఇలా తే. పసిపిల్లాడిలా ఏమిటిది?" మోరీన్ రిమోట్ లాక్కుంది.

తెర మీద డిటెక్టివ్ నడిచొస్తున్నాడు. పక్కన ముళ్ళపొదల కంచె. దాని అవతల ఇన్నాళ్ళూ తెల్లటి మంచు తప్ప ఏమీ కనిపించేది కాదు. ఇప్పుడు ఆకూ ఆకూ లెక్కపెట్టొచ్చు.

"ఆపండి!" అంది బ్రాన్వెన్. "కంచె వెనకాల, ఆ మూల. ఎవరో వంగి ఉన్నారు చూడండి. ఒంటిమీద నైలాన్ కోటు! 1931లో నైలాన్ ఎక్కడిదండీ?"

క్లెమెంట్ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. లేచి పారిపోవాలనిపించింది.

మోరీన్ తెర దగ్గరికెళ్ళి కళ్ళు చికిలించింది.

"అరె, ఇది నీ పెరడే! ఆ మనిషి... క్లెమ్, నువ్వే!"

రిమోట్ ఇమ్మని అతను చెయ్యి చాపాడు, ఆవిడ ఇవ్వలేదు.

"నీ అసాధ్యం కూలా! ఇన్నేళ్ళూ మా పక్కన కూచుని చూస్తూ, అందులో నువ్వూ ఉన్నావని ఒక్కసారైనా చెప్పావా? అందుకా కొత్తది వద్దని ఈ గోల? ఈ వయసులో సిగ్గేమిటయ్యా!"

హాలంతా నవ్వులు, చప్పట్లు. ఎవరో అతని వీపు తట్టారు. క్లెమెంట్ కూడా నవ్వబోయాడు. పెదాలు కదిలాయి కానీ నవ్వు రాలేదు.

"ఇక ఆలోచించేదేముంది?" అంది మోరీన్. "మన అధ్యక్షుణ్ణి దేశమంతా చూడాల్సిందే. కొత్తది వెయ్యమనేవాళ్ళు చేతులెత్తండి!"

అన్ని చేతులూ లేచాయి. అతనివి తప్ప.

సంబరం సద్దుమణిగాక బ్రాన్వెన్ అతని దగ్గరికొచ్చింది.

"ఏమీ అనుకోకండి. టీవీవాళ్ళకే నేరుగా చెప్పేద్దామనుకున్నాను. కానీ సంఘం కట్టుబాటు ఉందిగా, ఏం కనిపించినా ముందు మీకే చెప్పాలని."

"మంచి పని చేశావమ్మా," అన్నాడు.

బ్రాన్వెన్ చూపు ఇంకా తెర మీదే ఉంది. "అన్నట్టు, మీ కాళ్ళ దగ్గర ఏదో ఎర్రగా కనిపిస్తోందండీ. ఆదివారం మా పెద్ద టీవీలో సరిగ్గా చూడాలి."

గొయ్యి పక్కన కంబళిలోంచి బయటికొచ్చిన ఆ ఎర్ర బూటు ఏనాడైనా ఎవరి కంటైనా పడితే, ఆ మాట పోలీసులకంటే ముందు తన చెవిన పడాలనే, సీరియల్ మొదటిసారి టీవీలో వచ్చిన మర్నాడే క్లెమెంట్ ఈ సంఘం పెట్టాడు.