ఫొటోలో తెల్లమచ్చ

"ఫొటోల మీ ఇల్లు లేదు సార్," అన్నాడు తిరుమల్, ఆ ఇంటి వరండాలోనే కూర్చుని, ఆ ఇంటి మంచినీళ్లే తాగుతూ.

సాఫ్ట్‌వేర్ కంపెనీలొచ్చాక ఊళ్లో జాగాలకి గిరాకీ పెరిగింది. ఉపగ్రహం తీసిన ఫొటోలు చూసి, ఎక్కడెక్కడ ఖాళీ స్థలాలున్నాయో మున్సిపాలిటీకి లిస్టు తయారుచేసి ఇచ్చే కంపెనీలో తిరుమల్ సర్వేయరు. ఇవాళ నేరేడ్‌మెట్ వంతు.

వరహాలబాబు ఫొటో లాక్కుని చూశాడు. సందులో అందరి ఇళ్లూ ఉన్నాయి. తన ఇల్లున్న చోట మాత్రం పచ్చగా ఉంది.

"ఇది రెండేండ్ల కిందటి జనవరిల తీసింది. అప్పుడు ఖాళీ జాగా అంటే ఇల్లు తర్వాత కట్టినట్టే. పర్మిషన్ లేకుండ కట్టిన్రని నోటీసొస్తది."

"ఏటి బాబూ, కట్టి పదేళ్లయింది. ఇంటిపన్ను రసీదులున్నాయి."

"అవి ఆఫీసుల చూపెట్టుకోవాలె. ఆర్నెల్లు తిరగాలె. నా పని ఫొటోతోటే."

వరహాలబాబు భార్య మీద విరుచుకుపడ్డాడు. "ఆ గుమ్మడిపాదుని డాబా అంతా పాకించకే అంటే విన్నావా? కాయలేమో గాని, ఇల్లే మింగేసింది."

కనకలక్ష్మి ఫొటో అందుకుంది. భర్త కళ్లజోడు పెట్టుకుని చూస్తోంది.

"పోనీ, పక్కింటోళ్లతోని సంతకం పెట్టించుండ్రి సార్. ఇల్లు అప్పటికే ఉన్నదని."

"సదాశివతోనా? రెండేళ్లుగా మాటల్లేవు. జన్మకి నాకున్నది ఒక్క పంచె, మా బావమరిది పెట్టిన జరీది. దండెం మీద ఆరేస్తే మాయం చేసేశాడు. ఇల్లు పోయినా సరే, వాడి గడప తొక్కను."

కనకలక్ష్మి ఏదో అనబోయి ఆగింది. ఫొటో మీద వేలు కాస్త పక్కకి జరిపి, మళ్లీ అక్కడికే తెచ్చింది.

"బాబూ, ఈ పచ్చటిదాని మధ్య తెల్లమచ్చ ఏమిటి?"

"ఏదో చెత్త అక్కా."

"చెత్త ఇంత తీరుగా, నాలుగు మూలలతో ఉంటుందా? అవి నా గుమ్మడి వడియాలు. గుడ్డ మీద పెట్టి డాబా మీద ఎండబెట్టాను. ఖాళీ జాగాలో నేల మీద పెడితే కుక్కలు ఉండనిస్తాయా?"

"నిజమే, మా అమ్మ సుత డాబా మీదనే పెడతది." తిరుమల్ భూతద్దం తీశాడు. చాలాసేపు చూశాడు. పచ్చదనం పక్కన స్కేలు పెట్టి గీసినట్టు నల్లటి పట్టీ కనబడింది. "ఇది గోడ నీడ అక్కా. పాదుకు ఇంత తిన్నగ నీడ పడదు. నేనే సరిగ చూడలే. మిమ్మల్ని పరేషాన్ చేసిన."

లిస్టులో ఆ ఇంటి నంబరు కొట్టేశాడు.

వరహాలబాబు గట్టిగా ఊపిరి వదిలి కుర్చీలో కూలబడ్డాడు. "ఏటే, చూస్తావేం? నాలుగు వడియాలు వేయించు. అబ్బాయి అన్నం తిని వెళ్తాడు."

"జెర ఆగుండ్రి సార్. ఎందుకు కొట్టేసిన్నో రాయాలె." తిరుమల్ పెన్ను మూత తీశాడు. "తెల్లగ కనిపించేది డాబా మీద పరిచిన... ఏం గుడ్డ అక్కా? చీరెనా, దుప్పటినా?"

కనకలక్ష్మి ప్రహరీ అవతల సదాశివ ఇంటి వైపు ఒకసారి చూసింది. భర్త వైపు మాత్రం చూడలేదు.

"జరీ పంచె," అంది.